వేడి మురుగులో దొరికిన బాక్టీరియా కొత్తదని ఎలా తేలుతుంది?

మురుగునీటి శుద్ధి కేంద్రంలో వేడిని ఇష్టపడే కొత్త బాక్టీరియాను కనుగొన్నారన్న వార్త అప్పుడప్పుడు పత్రికల్లో కనిపిస్తుంది. చదివినవారికి సహజంగా రెండు సందేహాలు కలుగుతాయి. చెంచాడు బురదలోనే కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి కదా, వాటిలో ఒకదాన్ని పట్టుకుని ఇది ఇంతవరకు ఎవరికీ తెలియనిదని ఏ ధైర్యంతో చెబుతారు? అంత గట్టిగా చెప్పిన తరువాత కొన్నేళ్ళకే దాని పేరు, దాని వర్గం ఎందుకు మారిపోతుంటాయి? బాక్టీరియా దొరకడం, దానిని పెంచగలగడం, అది కొత్తదని తేల్చడం, దానికి పేరు పెట్టడం అనేవి నాలుగు వేర్వేరు పనులు. వార్తల్లో ఈ నాలుగూ కలిసిపోయి 'కనుగొన్నారు' అనే ఒక్క మాటగా మిగులుతాయి. గందరగోళానికి మూలం అక్కడే ఉంది.

మురుగుకు వేడి ఎక్కడిది?

ఇళ్ళ నుంచి వచ్చే మురుగు దాదాపు వాతావరణమంత వేడిగానే ఉంటుంది. వేడి మురుగు ప్రధానంగా రెండు దారుల్లో వస్తుంది. మొదటిది పరిశ్రమలు. డిస్టిలరీల్లో సారాయి తీశాక మిగిలే వ్యర్థజలం, ఆహార పదార్థాలను ఉడికించే కర్మాగారాల నీరు పొగలు కక్కుతూనే బయటికి వస్తాయి. రెండవది మనుషులు కావాలని పెట్టే వేడి. గాలి చొరబడని ట్యాంకుల్లో బురదను కుళ్ళబెట్టి మిథేన్ వాయువు తీసేటప్పుడు, కొన్నిచోట్ల ట్యాంకును 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర నడుపుతారు, మరికొన్నిచోట్ల 50 నుంచి 55 డిగ్రీల దగ్గర నడుపుతారు. వేడి ట్యాంకులో పని వేగంగా జరుగుతుంది, రోగకారక క్రిములు ఎక్కువగా చనిపోతాయి. అయితే వేడి పెట్టడానికి ఖర్చవుతుంది, ఉష్ణోగ్రత కాస్త అటూ ఇటూ అయినా ట్యాంకు అలుగుతుంది.

ఈ ట్యాంకుల్లో అప్‌ఫ్లో అనెరోబిక్ స్లడ్జ్ బ్లాంకెట్ అనే రకాన్ని పొట్టిగా యూఏఎస్‌బీ అంటారు. నెదర్లాండ్స్‌లోని వాగనింగన్‌లో గాట్సె లెట్టింగా 1970ల్లో దీనికి రూపం ఇచ్చారు. నీరు కింది నుంచి పైకి మెల్లగా ఎక్కుతుంటే, అందులోని సూక్ష్మజీవులు ఒకదానికొకటి అతుక్కుని ఆవగింజంతో, మిరియమంతో గుండ్రని రేణువులుగా గట్టిపడి అడుగున నిలుస్తాయి. హైదరాబాద్ అంబర్‌పేటలోని పెద్ద శుద్ధి కేంద్రం ఈ పద్ధతి మీదే కట్టింది. అది వాతావరణ ఉష్ణోగ్రతలో నడిచేది. ఇక్కడ చెప్పబోయే కథ మాత్రం 55 డిగ్రీల దగ్గర నడిచే యూఏఎస్‌బీలది.

'ఉష్ణప్రియ' అనే మాటకు హద్దు

ఒక బాక్టీరియా ఏ ఉష్ణోగ్రత దగ్గర అన్నిటికంటే వేగంగా పెరుగుతుందో అది దాని అనుకూల ఉష్ణోగ్రత. అది సుమారు 45 డిగ్రీలు దాటితే ఆ జీవిని ఉష్ణప్రియ అంటారు. ఈ గీతను 50 దగ్గర గీసేవారూ ఉన్నారు. 80 డిగ్రీలు దాటితే అతి ఉష్ణప్రియ అంటారు. అమెరికాలోని యెల్లోస్టోన్ వేడినీటి ఊటల్లో దొరికి, థామస్ బ్రాక్, హడ్సన్ ఫ్రీజ్ 1969లో వర్ణించిన థర్మస్ అక్వాటికస్ అనే బాక్టీరియా 70 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది. కోవిడ్ రోజుల్లో ఇంటింటా వినిపించిన పీసీఆర్ పరీక్షకు ఆధారమైన ఎంజైమ్ మొదట దాని నుంచి వచ్చినదే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కోప్రోథర్మోబ్యాక్టర్ ప్లాటెన్సిస్ అనే ఉష్ణప్రియ బాక్టీరియా ఉరుగ్వేలో ప్రోటీన్ ఎక్కువగా ఉన్న మురుగునీటిని శుద్ధి చేసే ట్యాంకులో దొరికింది. 1998లో దానిని వర్ణించారు. దాని అనుకూల ఉష్ణోగ్రత 55 డిగ్రీలు, కానీ ఆ ట్యాంకు నడిచినది వేడి పెట్టని మామూలు ఉష్ణోగ్రతలో. ట్యునీషియాలో పాలవిరుగుడు నీటిని కుళ్ళబెట్టే ట్యాంకులో దొరికి 2012లో పేరు పొందిన డిఫ్లూవీటోగా ట్యునీసియెన్సిస్ కథా అలాంటిదే. ఆ ట్యాంకు మధ్యస్థమైన వేడితోనే నడిచింది, బాక్టీరియా కోరుకునేది మాత్రం 55 డిగ్రీలు. తరువాత అదే జీవి జర్మనీలోని వేడి బయోగ్యాస్ ప్లాంట్లలో పుష్కలంగా కనిపించింది.

దీన్ని చూసి ఉష్ణోగ్రత కొలతలోనే పొరపాటు జరిగిందనుకోవలసిన పని లేదు. ప్లాటెన్సిస్ 35 డిగ్రీల నుంచి 65 డిగ్రీల వరకు పెరగగలదు. వేడి ఇష్టం కావడానికీ, వేడి లేకపోతే చావడానికీ చాలా తేడా ఉంది. 35 దగ్గర అది నెమ్మదిగా కాలం వెళ్ళబుచ్చుతుంది. పరిశోధకుడు అదే బురదను 55 దగ్గర పెట్టినప్పుడు తక్కినవన్నీ వెనకబడి అది ముందుకొస్తుంది. దొరికిన జీవికీ, దొరికిన చోటుకూ ఉష్ణోగ్రత కుదరాలన్న నియమం లేదని ఈ రెండు జీవులూ చూపిస్తాయి.

తోడు వేసినంత తేలిక కాని వర్ధనం

పాలలో తోడు వేసినప్పుడు మనం వేసేది ఒకే బాక్టీరియాను కాదు, కలిసి బతకడం అలవాటైన ఒక గుంపును. వర్గీకరణకు అలాంటి గుంపు పనికిరాదు. ఒకే కణం నుంచి పుట్టిన సంతతి మాత్రమే ఉన్న శుద్ధ వర్ధనం కావాలి. గాలి లేని చోట బతికే అవాయు జీవుల విషయంలో ఇది ఎంత కష్టమో చూడాలంటే ఒక చిన్న గాజు సీసాను దగ్గరగా చూడాలి.

పోషక ద్రావణంలో రెజాజురిన్ అనే రంగు పదార్థాన్ని చిటికెడు కలుపుతారు. ద్రావణం లేత గులాబీ రంగులో ఉంటే లోపల ఇంకా ఆక్సిజన్ ఉన్నట్టు. మరిగించి, నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ మిశ్రమాన్ని బుడగలుగా పంపి, దళసరి రబ్బరు బిరడా పెట్టి, దానిపై అల్యూమినియం మూతను బిగిస్తారు. తరువాత సూదితో సిస్టీన్, సోడియం సల్ఫైడ్ ద్రావణాలను ఎక్కిస్తే, చూస్తుండగానే గులాబీ రంగు వెలిసిపోయి నీళ్ళలా తేటపడుతుంది. ఆ తరువాతే బురదను అందులోకి ఎక్కిస్తారు. ఎప్పుడైనా మళ్ళీ గులాబీ ఛాయ కనిపించిందంటే బిరడా కారుతోందని అర్థం, ఆ సీసా మీద ఆశ వదులుకోవలసిందే. ఈ పద్ధతికి పునాది వేసినది అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్.

వేడి దీనికి తోడవుతుంది. ప్రయోగశాలల్లో బాక్టీరియాను పెంచే అగర్ జెల్లీ 60 డిగ్రీల పైన రోజుల తరబడి ఉంటే నీరు వదిలి మెత్తబడుతుంది, ఎండిపోతుంది. అందుకే ఉష్ణప్రియ జీవులకు ఎక్కువ వేడిని తట్టుకునే జెల్లన్ గమ్ వాడటం మామూలు. అన్నీ సరిగా కుదిరినా కొన్ని జీవులు ఒంటరిగా పెరగవు. వేడి యూఏఎస్‌బీ రేణువుల నుంచి తీసి, 2002లో హిరోయుకి ఇమాచి బృందం వర్ణించిన పెలోటోమాక్యులం థర్మోప్రొపియోనికం దీనికి మంచి ఉదాహరణ. ప్రొపియోనేట్‌ను విరిచి హైడ్రోజన్ వదలడం దీని వృత్తి. ప్రామాణిక పరిస్థితుల్లో ఆ చర్యకు మోల్‌కు సుమారు 76 కిలోజౌళ్ళ శక్తి పెట్టుబడి కావాలి, అంటే తినే కొద్దీ నష్టమే. పక్కనే మిథేన్ తయారుచేసే జీవి కూర్చుని హైడ్రోజన్‌ను ఎప్పటికప్పుడు లాగేస్తే మాత్రం లెక్క లాభంలోకి తిరుగుతుంది. పొరుగువాడు లేకపోతే పూట గడవని ఈ జీవిని వేరు చేయాలంటే తిండి మార్చాలి. పైరువేట్, ఫ్యూమరేట్ ఇచ్చినప్పుడు అది ఒంటరిగా కూడా పెరిగింది.

అక్షరాలుగా ముందు కనిపించిన దారం

పెంచడానికి ముందే ఒక జీవి ఉందని తెలియడం సాధ్యమే. ప్రతి కణంలోనూ ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్ ఉంటుంది. అందులోని 16ఎస్ ఆర్‌ఎన్‌ఏ అనే భాగానికి సంబంధించిన జన్యువు సుమారు 1,500 డీఎన్‌ఏ అక్షరాల పొడవు ఉంటుంది. అన్ని బాక్టీరియాల్లోనూ ఉంటూ చాలా మెల్లగా మారే ఈ జన్యువును బంధుత్వాలకు కొలబద్దగా కార్ల్ వోస్ నిలబెట్టారు. ఆయన, జార్జ్ ఫాక్స్ కలిసి 1977లో దీనితోనే ఆర్కియా అనే మరో సూక్ష్మజీవుల వంశాన్ని బాక్టీరియా నుంచి వేరు చేశారు.

జపాన్‌లో యూజీ సెకిగుచి బృందం 1990ల చివర యూఏఎస్‌బీ రేణువుల్లోని 16ఎస్ జన్యువులను చదివింది. అప్పటికి వర్ధనంలో ఏ బంధువూ లేని ఒక గుంపు అందులో తగిలింది. ఆ గుంపు అక్షరాలకు మాత్రమే అతుక్కునే మెరిసే గుర్తును తయారుచేసి రేణువు ముక్కల మీద వేస్తే, వేడి రేణువు బయటి పొరను చుట్టిన సన్నని దారాలు వెలిగాయి. ఈ దారాలు కొంతవరకు రేణువును అల్లి పట్టుకుంటాయి, మితిమీరితే రేణువు దూదిలా ఉబ్బి నీటితో పాటు కొట్టుకుపోతుంది. ఆ దారాన్ని ఎట్టకేలకు సీసాలో పెంచి 2001లో ఆ సంగతి ప్రచురించారు. 2003లో దానికి అనెరోలీనియా థర్మోఫిలా అని పేరు పెట్టారు. గాలి లేని చోట బతికే వేడి దారం అని ఆ పేరుకు స్థూలంగా అర్థం. కణం మందం 0.2 నుంచి 0.3 మైక్రోమీటర్లు, దారం పొడవు 100 మైక్రోమీటర్లకు పైన, అనుకూల ఉష్ణోగ్రత 55 డిగ్రీలు. హైడ్రోజన్ తినే మిథేన్ జీవిని పక్కన పెడితే ఇదీ ఇంకా బాగా పెరిగింది. 2006లో దీని పేరు మీద అనెరోలీనియే అనే తరగతే ఏర్పడింది (దగ్గరి జాతులు కలిస్తే ప్రజాతి, ఆపైన వరుసగా కుటుంబం, క్రమం, తరగతి, వర్గం వస్తాయి). అక్షరాలు దొరకడానికీ, తరగతి నిలబడటానికీ మధ్య ఇంత కాలం పట్టింది.

1,500 అక్షరాలతో ఒక లెక్క

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. దొరికిన జీవి 16ఎస్ అక్షరాలను, ఇప్పటికే పేరున్న జీవుల్లో దానికి అతి దగ్గరి బంధువు అక్షరాలతో పోల్చుతారు. ఆచరణలో ఉన్న హద్దులు ఇవి: పోలిక 98.7 శాతానికి తగ్గితే కొత్త జాతి, 94.5కు తగ్గితే కొత్త ప్రజాతి, 86.5కు తగ్గితే కొత్త కుటుంబం, 82కు తగ్గితే కొత్త క్రమం కావడానికి అవకాశం ఉంది.

ఊహకు ఒక బురద నుంచి మూడు జీవులు వచ్చాయనుకుందాం. మొదటిదానిలో 1,500 అక్షరాలకు 30 తేడాలున్నాయి. పోలిక 98 శాతం, కనుక కొత్త జాతి అనడానికి దాదాపు ఇది చాలు. రెండవదానిలో 120 తేడాలు, పోలిక 92 శాతం, కొత్త ప్రజాతికి దావా వేయవచ్చు. మూడవదానిలో 12 తేడాలే ఉన్నాయి, పోలిక 99.2 శాతం. చిత్రంగా, పరిశోధకుడిని అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఈ మూడవదే. 16ఎస్ అంత మెల్లగా మారుతుంది కనుక, స్పష్టంగా వేరైన రెండు జాతుల్లో కూడా అది దాదాపు ఒకేలా ఉండవచ్చు. కనుక తేడా ఎక్కువైతే కొత్తదని ఈ పరీక్ష చెప్పగలదు, తేడా తక్కువైనంత మాత్రాన పాతదని చెప్పలేదు.

అప్పుడు మొత్తం జన్యుసముదాయాన్ని పోల్చుతారు. ఒక జీవి డీఎన్‌ఏను సుమారు వెయ్యి అక్షరాల ముక్కలుగా చేసి, రెండవదానిలో వాటికి జతలు వెతికి, జతపడిన ముక్కల పోలికకు సగటు తీస్తారు. ఆ సగటు 95 నుంచి 96 శాతం కన్నా తక్కువైతే వేరే జాతి. 30 లక్షల అక్షరాలు జతపడ్డాయనుకుంటే సుమారు లక్షన్నర తేడాలన్నమాట. మనిషికీ చింపాంజీకీ జతపడే డీఎన్‌ఏలో పోలిక దాదాపు 99 శాతం. అంటే బాక్టీరియా కొలతతో కొలిస్తే మనమూ అవీ ఒకే జాతి అయిపోతాం! ఈ అంకె ప్రకృతి గీసిన గీత కాదు. 1987లో ఒక నిపుణుల సంఘం, రెండు జీవుల డీఎన్‌ఏ పోగులను కలిపి చూసే పాత పరీక్షలో 70 శాతాన్ని హద్దుగా సిఫారసు చేసింది. ఆ 70కి సరితూగే అంకె కొత్త పద్ధతిలో 95 దగ్గర పడింది, అంతే.

ఈ కొలత పాత నిర్ణయాలను తిరగతోడగలదు కూడా. వేడి మురుగుకు సంబంధం లేకపోయినా తెలుగు పాఠకులకు గుర్తుండే ఉదాహరణ ఒకటుంది. హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్ పై వాతావరణం నుంచి తెచ్చిన గాలిలో మూడు కొత్త బాక్టీరియా జాతులు దొరికాయని 2009లో ఇస్రో ప్రకటించింది. వాటిలో ఒకటి ఆర్యభటుడి పేరు పెట్టుకున్న బాసిల్లస్ ఆర్యభట్టాయి. తరువాత జన్యుసముదాయాలను పోల్చినవారు, అది చాలాకాలంగా తెలిసిన మెగటీరియం జాతిలోదేనని ప్రతిపాదించారు. మొదట వర్ణించినవారు తప్పు చేశారనడం న్యాయం కాదు. వారి చేతిలో అప్పటికి ఉన్న కొలబద్ద వేరు.

వేడి తెచ్చిపెట్టే భ్రమ

ఉష్ణప్రియ జీవుల బంధుత్వం తేల్చడంలో మరొక ప్రత్యేకమైన చిక్కు ఉంది. 16ఎస్ ఆర్‌ఎన్‌ఏ తన మీద తానే మడతలు పడి నిలబడుతుంది. ఆ మడతలను పట్టి ఉంచే జతల్లో జీ, సీ అక్షరాల జత మూడు బంధాలతో గట్టిగా ఉంటుంది, ఏ, యూ జతకు రెండే బంధాలు. వేడిలో మడత విడిపోకూడదు కనుక ఉష్ణప్రియ జీవుల 16ఎస్‌లో జీ, సీ అక్షరాలు ఎక్కువ. ఫలితంగా దూరపు బంధువులు కూడా అక్షరాల్లో దగ్గరగా కనిపిస్తాయి. మండుటెండలో పనిచేసేవాళ్ళందరూ తలపాగా చుట్టుకుంటారు, తలపాగాలు చూసి అందరూ ఒకే ఇంటివాళ్ళనుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. పైగా ఒకే వేడి గుంటలో ఉండే జీవులు ఒకదాని జన్యువులు మరొకటి అరువు తెచ్చుకుంటాయి. అందువల్ల ఒకే జన్యువుపై ఆధారపడకుండా, అన్ని బాక్టీరియాల్లో ఉండే పదుల కొద్దీ ప్రోటీన్లను కలిపి వంశవృక్షం గీయడం ఇప్పుడు మామూలైంది.

ఊరు కదలలేదు, జిల్లా మారింది

శాస్త్రీయ నామం మన ఇంటిపేరు, పేరు లాంటిదే, ఇంటిపేరు ముందు వస్తుంది. కోప్రోథర్మోబ్యాక్టర్ ప్రోటియోలిటికస్ చరిత్రను ఈ దృష్టితో చదివితే పేర్లు ఎందుకు మారతాయో బోధపడుతుంది. తోళ్ళశుద్ధి వ్యర్థాలను, పశువుల పేడను కుళ్ళబెట్టే వేడి ట్యాంకులో దొరికిన ఈ జీవి ప్రోటీన్లను అరిగించుకుంటుంది, 63 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది. 1985లో దీనికి పెట్టిన పేరు థర్మోబ్యాక్టీరాయిడిస్ ప్రోటియోలిటికస్. 1993లో 16ఎస్ పరీక్ష చేసినప్పుడు ఆ ప్రజాతికి ఆధారమైన మూల జాతే నిజానికి థర్మోఅనెరోబ్యాక్టర్ అనే మరొక ప్రజాతికి చెందినదని బయటపడింది. ఇంటిపెద్ద వేరే ఇంటికి వెళ్ళిపోతే ఆ ఇంటిపేరు ఇక్కడ మిగలదు. అందుకని ప్రోటియోలిటికస్‌కు కొత్త ఇంటిపేరు పెట్టారు. గ్రీకులో కోప్రోస్ అంటే పేడ.

అంతటితో అయిపోలేదు. ఫర్మిక్యూట్స్ అనే పెద్ద వర్గంలో ఉంచిన ఈ ప్రజాతి అందులో ఎప్పుడూ సరిగా ఇమడలేదు. జన్యుసముదాయాలు వచ్చాక 2018లో దీనికోసమే కోప్రోథర్మోబ్యాక్టెరోటా అనే ప్రత్యేక వర్గాన్ని ప్రతిపాదించారు. ఆ తరువాత 2021లో వర్గాల పేర్లకూ నిబంధనలు వచ్చి, ఫర్మిక్యూట్స్ కాస్తా బాసిల్లోటా అయింది, అనెరోలీనియా ఉండే క్లోరోఫ్లెక్సై వర్గం క్లోరోఫ్లెక్సోటా అయింది. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలను విభజించినప్పుడు ఊళ్ళు ఉన్నచోటే ఉండి చిరునామాలు మారినట్టు, ట్యాంకులోని బాక్టీరియా చేసే పని మారలేదు. అయితే ఒక తేడా ఉంది. జిల్లా హద్దు పూర్తిగా పాలనా సౌలభ్యం కోసం గీసినది. బాక్టీరియా వర్గం మాత్రం నిజంగా జరిగిన ఒక వంశచరిత్రను పట్టుకోవాలని ప్రయత్నిస్తుంది, సాక్ష్యం మెరుగైనప్పుడల్లా దిద్దుకుంటుంది.

సీసాలో పెరగని జీవికి పేరు ఉండవచ్చా?

బాక్టీరియా పేర్లకు అంతర్జాతీయ నిబంధనావళి ఉంది. దాని ప్రకారం కొత్త జాతికి ప్రమాణంగా శుద్ధ వర్ధనంలోని ఒకే సంతతిని, అంటే ఒక సజీవ స్ట్రెయిన్‌ను చూపాలి, దానిని కనీసం రెండు వేర్వేరు దేశాల భాండాగారాల్లో భద్రపరచాలి, వర్ణనను ప్రచురించి అధికారిక పత్రికలో పేరును నమోదు చేయించాలి. జర్మనీలోని డీఎస్‌ఎంజడ్, జపాన్‌లోని జేసీఎం, మన దేశంలో చండీగఢ్‌లోని ఎంటీసీసీ అలాంటి భాండాగారాలే. ఎవరైనా అనుమానిస్తే ఆ స్ట్రెయిన్‌ను తెప్పించుకుని పరీక్షించుకోవచ్చు. ఈ పద్ధతిలో పేరు పొందిన జాతులు ఇరవై వేలకు పైగా ఉన్నాయి.

చిక్కల్లా ఏమిటంటే, బురదలో ఉన్నవాటిలో అత్యధికం సీసాలో పెరగవు. ఇప్పుడు బురదలోని డీఎన్‌ఏ మొత్తాన్ని ఒకేసారి చదివి, ముక్కలను కంప్యూటర్‌లో కలిపి, ఎన్నడూ పెంచని జీవి జన్యుసముదాయాన్ని నిర్మించవచ్చు. అలాంటి జీవులకు 1990ల నుంచి 'కాండిడాటస్' అనే ముందుమాటతో తాత్కాలిక పేర్లు పెడుతున్నారు, నిబంధనావళిలో వాటికి హక్కులు లేవు. డీఎన్‌ఏ అక్షరక్రమాన్నే ప్రమాణంగా ఒప్పుకోవాలన్న ప్రతిపాదనను అంతర్జాతీయ సంఘం 2020లో తోసిపుచ్చింది. దాంతో ఆ వాదం చేసినవారు 2022లో సీక్‌కోడ్ అనే సమాంతర నిబంధనావళిని తెచ్చారు.

రెండు పక్షాల వాదనల్లోనూ బలం ఉంది. పాత పక్షం ప్రకారం కంప్యూటర్‌లో కలిపిన జన్యుసముదాయంలో ఇద్దరు ముగ్గురు పొరుగువారి ముక్కలు కలిసిపోయి ఉండవచ్చు. 55 డిగ్రీల దగ్గర పెరుగుతుందా, ఏమి తింటుంది, ఎలా కనిపిస్తుంది అన్నవి అక్షరాల నుంచి ఊహించగలమే తప్ప చూడలేము. కొత్త పక్షం ప్రకారం పెంచడం కుదిరే వరకు పేరు ఆపితే, ఒకే జీవిని ఒక్కో ప్రయోగశాల ఒక్కో అంకెతో పిలుస్తూ ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో తెలియని స్థితి వస్తుంది. ప్రోటియోలిటికస్ ఉదంతం చూస్తే, సీసాలో పెరిగిన స్ట్రెయిన్ చేతిలో ఉన్నా వర్గం తేలడానికి ముప్పై ఏళ్ళకు పైగా పట్టింది, తేల్చినవి జన్యు అక్షరాలే. కానీ ఆ స్ట్రెయిన్ భాండాగారంలో సజీవంగా లేకపోతే 1993లో గానీ, 2018లో గానీ మళ్ళీ పరీక్షించడానికి ఏమీ ఉండేది కాదన్నది కూడా అంతే నిజం. నా మొగ్గు కొంత పాత పక్షం వైపే. అయితే బురదను శుద్ధి చేసే ఇంజనీరుకు పేరు ఈరోజే కావాలి కదా అన్న ప్రశ్నకు ఆ పక్షం దగ్గర సరైన జవాబు లేదు.

పెంచి పేరు పెట్టే పని ఎంతకాలం సాగగలదో పెలోటోమాక్యులంను వర్ణించిన ఇమాచి అనుభవమే చెబుతుంది. ఆయన బృందం సముద్రగర్భపు మట్టిలోని ఒక ఆర్కియాను పెంచడానికి మురుగునీటి శుద్ధి పరికరాన్నే వాడింది. అది స్పాంజి ముక్కలను వేలాడదీసి వాటి మీదుగా నీటిని కిందికి జార్చే రియాక్టర్. ఆ పద్ధతిని హర్యానాలోని కర్నాల్‌లో యూఏఎస్‌బీ నుంచి వచ్చే నీటిని తేటపరచడానికీ పరీక్షించారు. ఇమాచి రియాక్టర్ 2,000 రోజులు నడిచింది, మొత్తం పన్నెండేళ్ళు పట్టింది. వేడిని ఏమాత్రం ఇష్టపడని ఆ జీవి సంఖ్య రెట్టింపు కావడానికి రెండు నుంచి మూడు వారాలకు పైగా తీసుకుంటుంది. 2020లో దాన్ని ప్రకటించినప్పుడు పేరు ముందు కాండిడాటస్ అనే మాట ఉంది. ఆ మాట తొలగి ప్రొమీథియార్కియం సింట్రోఫికం అనే పూర్తి పేరు 2024లో వచ్చింది.